చేతులు వదిలేసిన బండి, దారిలో నడిచే మనిషి

పోస్టు కొంచెం పొడుగే ఉంటది. రాత్రి మెస్‌లో తిన్నాక తీరిగ్గా చదవండి.

మొన్న పత్తి ఏరే రోజుల్లో మా రూమ్మేట్ వాళ్ల బావ హాస్టల్‌కు వచ్చిండు. ఆయన హైదరాబాద్‌లో ఒక సేటు దగ్గర కారు డ్రైవర్. ఏడో తరగతితో చదువు ఆపేసి ముందు ఊర్లో ఆటో నడిపిండు, తర్వాత జీపు, ఇప్పుడు కోటి రూపాయల ఎలక్ట్రిక్ కారు. కంపెనీ పేరు ఎందుకు గానీ, ఆ బండి రోడ్డు మీద గీతలు చూసుకుంటూ దానంతట అదే పోతదట. ముందు బండి ఆగితే తనే ఆగుతదట. సేటు కుటుంబాన్ని కుంటాల జలపాతానికి తీసుకొచ్చినప్పటి సంగతి చెప్పిండు.

"హైవే మీద నేరడిగొండ దాకా స్టీరింగ్ మీద చేతులు ఊరికే ఆనించి పెట్టిన తమ్మీ. బండి హాయిగా పోయింది. లోపలి రోడ్డు ఎక్కినంక గీతల్లేవు. ఎదురుగా పత్తి నింపిన ఎడ్లబండి. స్క్రీన్ మీద ఒకసారి లారీ బొమ్మ వచ్చె, ఒకసారి ఖాళీ రోడ్డు వచ్చె. నేనే బ్రేక్ తొక్కి పక్కకు తీసిన. కల్వర్టు గోడకు డోరు గీసుకుంది. సేటు ఏమన్నడు తెలుసా? ఇంత తెలివిగల బండి ఇచ్చినా నడపరాదా అన్నడు. రెండు నెలల జీతంలో కట్ చేసిండు."

మేము నవ్వబోయి ఆగిపోయినం. బాగా పోయినంతసేపు తెలివి బండిది. గీత పడ్డాక తప్పు బావది.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. కోటి రూపాయల కార్ల సంగతి మనకెందుకు అని మొదట అనిపించింది. కానీ ఆ కార్లు నడిపేది మన బావలు, అన్నలు. ఆ కార్ల ముందు రోడ్డు దాటేది మన అమ్మలు. అందుకే ఈ బండి ఎక్కడ మొదలైందో లైబ్రరీలో, ఫోన్‌లో వెతికి చదివినం. చదివింది ఇక్కడ పెడుతున్నం.

వందేళ్ల కింది బండి

1925లో న్యూయార్క్ వీధుల్లో ఒక కారు డ్రైవర్ లేకుండా తిరిగింది. హౌడినా రేడియో కంట్రోల్ అనే కంపెనీ దాన్ని నడిపించింది. జనం గుంపులుగా నిలబడి చూశారు. అసలు సంగతి ఏంటంటే, డ్రైవర్ లేకపోవడం కాదు, డ్రైవర్ కనబడకపోవడం. వెనకాల ఇంకో కారులో కూర్చున్న మనిషి రేడియో తరంగాలతో ముందు కారును తిప్పుతున్నాడు. చివరికి ఆ బండి అదుపు తప్పి ఫొటోగ్రాఫర్లున్న మరో కారును గుద్దింది.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో ఇంకో మార్పు జరిగింది. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు దాని మీద ఒక పుస్తకమే రాశారు. అంతకుముందు వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవారు, బండ్లు పోయేవి, మనుషులు ఎక్కడ కావాలంటే అక్కడ దాటేవారు. కార్లు పెరిగి జనం చనిపోతుంటే, 1923లో సిన్సినాటి నగరంలో 42,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. కార్లు గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటకుండా యంత్రం బిగించాలని అడిగారు. కార్ల వ్యాపారులు గట్టిగా ప్రచారం చేసి దాన్ని ఓడించారు. ఆ తర్వాత తప్పు కారుది కాదు, నడిచేవాడిది అని చెప్పడం మొదలైంది. 'జేవాకింగ్' అనే మాట అప్పుడే జనం నోళ్లలో నాటుకుంది. 'జే' అంటే వాళ్ల యాసలో పట్నం పద్ధతి తెలియని పల్లెటూరి బైతు. రోడ్డు అడ్డంగా దాటేవాడు బైతు, పైగా నేరస్థుడు. లాస్ ఏంజెలెస్ నగరం 1925లో నడిచేవాళ్లను కట్టడి చేసే నిబంధనలు పెట్టింది.

ఇది చదివినప్పుడు మాకు మన తాతల కాలం గుర్తొచ్చింది. నిన్నటిదాకా తిరిగిన అడవిలో ఇవాళ కట్టె తెస్తే నేరం, పశువు మేస్తే జరిమానా. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది ఆ బాధకే కదా. దారి ఎవరిదో రాసేవాళ్లు దారిలో నడిచేవాళ్లను అడగరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తది.

చూపు లేని ఇంజినీరు

బండికి కొంచెం కొంచెం తెలివి నేర్పిన కథలో మాకు బాగా నచ్చిన మనిషి రాల్ఫ్ టీటర్. చిన్నప్పుడే ప్రమాదంలో రెండు కళ్లూ పోయాయి. అయినా ఇంజినీరు అయ్యాడు. తన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు ఒకసారి వేగం తగ్గించడం, ఒకసారి పెంచడం ఆయనకు చిరాకు తెప్పించేదని చెబుతారు. ఒకే వేగంతో పోయే పరికరం చేసి 1950లో పేటెంట్ పొందాడు. అదే ఇవాళ మనం క్రూయిజ్ కంట్రోల్ అంటున్నది. 1958లో అది మొదట క్రైస్లర్ ఇంపీరియల్ లాంటి ఖరీదైన కార్లలో వచ్చింది.

అప్పటి నుంచి ఒకటే వరస. కొత్త తెలివి ఏదైనా ముందు పెద్దోళ్ల బండికే వస్తది. 1999 ప్రాంతంలో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌కు రాడార్ పెట్టారు. ముందు బండికి దూరం కొలుచుకుని వేగం అదే తగ్గించుకునేది.

కెమెరాతో చూసి నడిచే బండిని జర్మనీలో ఎర్నస్ట్ డిక్‌మన్స్ అనే ప్రొఫెసర్ 1980లలోనే మొదలుపెట్టారు. 1995లో ఆయన బృందం కారు మ్యూనిక్ నుంచి డెన్మార్క్ దాకా వెళ్లి వచ్చింది. దారిలో ఎక్కువ భాగం బండి తనే నడిచింది, ఒక్కోచోట 175 కిలోమీటర్ల వేగం అందుకుంది. కానీ అది హైవే. గీతలున్న రోడ్డు.

గీతల్లేని చోట ఏమైందో చూడండి. 2004లో అమెరికా రక్షణ శాఖకు చెందిన డార్పా సంస్థ మొహావీ ఎడారిలో డ్రైవర్ లేని బండ్లకు పోటీ పెట్టింది. ఒక్క బండి కూడా గమ్యం చేరలేదు. అందరికన్నా ముందు పోయింది కూడా 12 కిలోమీటర్ల లోపే ఆగిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ పెడితే ఐదు బండ్లు పూర్తి చేశాయి. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, ప్రొఫెసర్లు చేసిన 'స్టాన్లీ' దాదాపు 212 కిలోమీటర్లను ఏడు గంటల లోపు పూర్తి చేసి గెలిచింది. ఒక్క ఏడాదిలో అంత తేడా. అప్పుడే పెద్ద కంపెనీలకు ఆశ పుట్టింది. 2009లో గూగుల్ తన ప్రాజెక్టు మొదలుపెట్టింది. అదే తర్వాత వేమో అయ్యింది.

కరెంటు బండికి ఎందుకు కుదిరింది

ఎలక్ట్రిక్ కారు అంటే సగం కంప్యూటరే. మోటారు, బ్రేకు, స్టీరింగ్ అన్నీ వైర్ల ద్వారా ఆజ్ఞలు తీసుకుంటాయి. పెద్ద బ్యాటరీ ఉంటది కాబట్టి కెమెరాలకు, కంప్యూటర్‌కు కరెంటు కొరత ఉండదు. మన ఫోన్‌కు అప్‌డేట్ వచ్చినట్టు బండికి కూడా రాత్రి పూట అప్‌డేట్ వస్తది.

టెస్లా చేసింది ఇదే. 2014 అక్టోబర్ నుంచి మోడల్ ఎస్ కార్లకు కెమెరా, రాడార్, చుట్టూ సెన్సర్లు బిగించి అమ్మింది. ఏడాది తర్వాత 2015 అక్టోబర్‌లో సాఫ్ట్‌వేర్ పంపింది. నిన్నటిదాకా మామూలుగా నడిచిన బండి తెల్లారేసరికి గీతల మధ్య తనే పోవడం మొదలుపెట్టింది. దానికి పెట్టిన పేరు 'ఆటోపైలట్'.

ఈ పేరు దగ్గరే చిక్కు. 2014లో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ఈ బండ్లకు 0 నుంచి 5 దాకా తరగతులు పెట్టింది. లెవెల్ 2 అంటే బండి స్టీరింగ్ తిప్పుతది, వేగం చూసుకుంటది, కానీ రోడ్డు మీద కన్ను మనిషిదే. లెవెల్ 3లో కొన్ని పరిస్థితుల్లో మనిషి కన్ను తీయొచ్చు, బండి పిలిస్తే మాత్రం వెంటనే పగ్గాలు అందుకోవాలి. లెవెల్ 5 అంటే ఎక్కడైనా, ఎప్పుడైనా మనిషితో పని లేదు. అలాంటి బండి ఇంకా ఎక్కడా అమ్మకానికి లేదు. ఆటోపైలట్ లెవెల్ 2. అమ్మేటప్పుడు పేరు ఆకాశంలో ఉంటది. షరతులు మాత్రం నేల మీద, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

రెండు చావులు

2016 మే నెలలో ఫ్లోరిడాలో మోడల్ ఎస్ ఆటోపైలట్ మీద పోతుంటే ఒక లారీ రోడ్డుకు అడ్డంగా మలుపు తీసుకుంది. తెల్లటి ట్రైలర్, వెనకాల వెలుగుతున్న ఆకాశం. బండీ చూడలేదు, మనిషీ చూడలేదు. బ్రేకు పడలేదు, కారు నడుపుతున్నాయన చనిపోయాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2017లో నివేదిక ఇచ్చింది. లారీ డ్రైవర్ దారి ఇవ్వలేదని, కారు మనిషి యంత్రాన్ని మరీ ఎక్కువ నమ్మాడని చెప్పింది. అక్కడితో ఆగలేదు. అంతసేపు రోడ్డు చూడకుండా ఉండే వీలు ఇచ్చింది ఆ బండి తయారీయే అని కూడా రాసింది.

రెండోది 2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపీ నగరంలో. ఊబర్ కంపెనీ డ్రైవర్ లేకుండా నడవడానికి పరీక్షిస్తున్న వోల్వో బండి అది. కరెంటు బండి కాదు, కానీ యంత్రం చూసే పద్ధతి ఇదే. 49 ఏళ్ల ఒక మహిళ సంచులు తగిలించిన సైకిల్‌ను తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. బండి ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. కానీ ఆమె ఏంటో తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి ఇంకేదో వస్తువు అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ఆమె ఎటు పోతోందనే లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఆమె చనిపోయింది.

దర్యాప్తులో బయటపడ్డ ఒక మాట దగ్గర మేము చదవడం ఆపేసినం. జీబ్రా గీతలు లేని చోట రోడ్డు దాటే మనుషులు ఉంటారనే ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. 1920లలో 'బైతు' అని పేరు పెట్టిన ఆ మనిషిని, వందేళ్ల తర్వాత రాసిన ప్రోగ్రాంలో అసలు మనిషిగానే రాయలేదు.

శిక్ష ఎవరికి పడింది? స్టీరింగ్ ముందు కూర్చున్న ఉద్యోగినికి. ఆమె ఫోన్‌లో వీడియో చూస్తోంది, అది తప్పే. 2023లో నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్ పడింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు.

లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే ఒక వ్యాసంలో హెచ్చరించారు. యంత్రం తేలిక పని తాను తీసుకుని, కష్టమైనది మాత్రం మనిషికి వదిలేస్తుంది. రోజంతా ఏ పనీ లేకుండా కూర్చోబెట్టి, ప్రాణం పోయే ఒక్క క్షణంలో నువ్వే చూసుకో అంటది. చేయి తిరిగే పని లేనప్పుడు చేతికి అలవాటు కూడా పోతుంది. మేడ్‌లిన్ క్లేర్ ఎలిష్ అనే మానవ శాస్త్ర పరిశోధకురాలు ఇంకో సంగతి చూపించారు. కారు ముందు భాగాన్ని గుద్దుకుంటే నలిగిపోయేలా కావాలనే చేస్తారు. అది నలిగి లోపలి మనిషిని కాపాడుతుంది. ఈ కొత్త యంత్రాల్లో అది తిరగబడింది. మనిషి నలిగి కంపెనీని కాపాడుతున్నాడు. మా రూమ్మేట్ బావ రెండు నెలల జీతం అక్కడ నలిగినదే.

మంచి లేదా అంటే ఉంది

ఒక్క పక్కే చెబితే అది చరిత్ర కాదు, తగాదా. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదిలోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వాళ్లలో మన ఊర్ల పేర్లు మనకు తెలుసు. రాత్రంతా నిద్ర లేకుండా లారీ నడిపిన అన్న కన్ను మూతపడ్డప్పుడు బ్రేకు తానే పడితే ఎన్ని ఇండ్లు నిలబడతాయి? అమెరికాలో 2029 సెప్టెంబర్ నాటికి కొత్త కార్లన్నింటికీ తనంతట తానే పడే అత్యవసర బ్రేకు తప్పనిసరి అని 2024లో నిబంధన పెట్టారు. పాదచారులను గుర్తించడం కూడా అందులో భాగమే.

వేమో కంపెనీ జాగ్వార్ ఐ పేస్ అనే ఖరీదైన ఎలక్ట్రిక్ కార్లతో ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో డ్రైవర్ లేని టాక్సీలు నడుపుతోంది. మనుషులు నడిపే బండ్ల కంటే తమ బండ్లతో గాయాలయ్యే ప్రమాదాలు తక్కువని ఆ కంపెనీ లెక్కలు చూపిస్తోంది. చూపు లేనివాళ్లు, ముసలివాళ్లు ఎవరినీ బతిమాలకుండా ఆసుపత్రికి పోగలిగితే టీటర్ లాంటివాళ్లకు అంతకంటే ఏం కావాలి? కాకపోతే ఆ బండ్లు తిరిగేది ముందే అంగుళం అంగుళం మ్యాపు గీసుకున్న వీధుల్లో. మన గూడెం దారి ఏ మ్యాపులోనూ సరిగ్గా లేదు.

జవాబు చెప్పేది ఎవరు

ఇప్పుడిప్పుడే ఈ ప్రశ్నకు చట్టాలు జవాబు వెతుకుతున్నాయి. మెర్సిడెస్ 2022లో జర్మనీలో ఎస్ క్లాస్, ఎలక్ట్రిక్ ఈక్యూఎస్ కార్లకు లెవెల్ 3 ఇచ్చింది. మొదట 60 కిలోమీటర్ల వేగం దాకా, అది కూడా ఎంపిక చేసిన హైవేల మీదే. కానీ ఆ సిస్టమ్ సరిగ్గా ఆన్‌లో ఉన్నప్పుడు తప్పు జరిగితే బాధ్యత తమదే అని కంపెనీ ఒప్పుకుంది. బ్రిటన్ 2024లో చట్టం చేసింది. అనుమతి పొందిన బండి తనే నడుస్తున్నప్పుడు అది నడిచిన తీరుకు లోపల కూర్చున్న మనిషిని శిక్షించకూడదు, కంపెనీయే జవాబు చెప్పాలి.

టెస్లా 2023 డిసెంబర్‌లో అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లకు ఆటోపైలట్ హెచ్చరికలు గట్టి చేస్తూ రీకాల్ ప్రకటించింది. 2019లో ఫ్లోరిడాలో ఒక డ్రైవర్ కింద పడ్డ ఫోన్ కోసం వంగినప్పుడు ఆటోపైలట్ ఆన్‌లో ఉన్న మోడల్ ఎస్ రోడ్డు పక్కన ఆగిన బండిని గుద్దింది. పక్కన నిలబడ్డ 22 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ ఆ తప్పులో మూడో వంతు టెస్లాది అని తేల్చి, 24 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాలంది. అంటే దాదాపు 2,100 కోట్ల రూపాయలు. అప్పీలుకు పోతామని కంపెనీ చెప్పింది. ఏదేమైనా తప్పు మొత్తం డ్రైవర్‌దే అనే రోజులు పోతున్నాయి.

మన రోడ్డు మీదికి

డ్రైవర్ లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లో అన్నారు, 2023లో మళ్లీ అన్నారు. కానీ లెవెల్ 2 అప్పటికే వచ్చేసింది. 2024 నవంబర్‌లో వచ్చిన మహీంద్రా ఎలక్ట్రిక్ కార్లలో ఉంది. 2025 జూలైలో ముంబైలో షోరూమ్ తెరిచినప్పుడు టెస్లా మోడల్ వై ధర దాదాపు 60 లక్షలు ఉండె. 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' అనే పేరుకు అప్పుడు ఇంకో 6 లక్షలు అడిగారు. పేరు ఫుల్ అయినా చూసుకోవాల్సింది మనిషే. అంటే మన డ్రైవర్ల ఉద్యోగం ఇప్పుడే పోదు. పోయేది పనిలోని పేరు. మిగిలేది బాధ్యత.

చివరగా మాకు ధైర్యం ఇచ్చిన సంగతి ఒకటి. బండి కెమెరా దేన్ని గుర్తుపడుతుందో ముందు మనుషులు ఫొటోల మీద గీసి, పేర్లు రాసి నేర్పాలి. ఐరోపాలో 50 నగరాల వీధులతో చేసిన 'సిటీస్కేప్స్' అనే ప్రసిద్ధ ఫొటోల సేకరణలో ఆటోకు పేరు లేదు, జంతువుకు పేరు లేదు. జాబితాలో పేరు లేనిది యంత్రానికి లోకంలో లేనట్టే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 ఫొటోలతో మన దేశపు సేకరణ తయారుచేశారు. అందులో ఆటోరిక్షాకు వేరే పేరు, జంతువుకు వేరే పేరు పెట్టారు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ అనే పరీక్షా కేంద్రం 2022లో మొదలైంది. డ్రైవర్ లేని బండ్లను మన పరిస్థితులకు తగ్గట్టు పరీక్షించడానికే అది. మన హాస్టల్‌కు ఒక పూట ప్రయాణం.

పుష్య మాసంలో మెస్రం వంశపోళ్లు తెల్ల బట్టలతో, చెప్పుల్లేని కాళ్లతో కేస్లాపూర్ నుంచి హస్తిన మడుగు దాకా వరుసగా నడిచిపోయి నాగోబాకు గోదావరి జలం తెస్తారు. ఆ దారిలో ఏదో ఒక రోజు చేతులు వదిలేసిన బండి ఎదురొస్తది. అది వాళ్లను ఏమనుకుంటది? మనుషుల వరుస అనుకుంటదా, తెల్లటి ఆకాశం అనుకుంటదా? ఆ జవాబు కారు కొన్న సేటు దగ్గర ఉండదు. ఫొటో మీద పేరు రాసిన పిల్లోడి దగ్గర, పిల్ల దగ్గర ఉంటది.

ఇంజినీరింగ్, డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పేరు రాసే చోటికి పోవాలె. లా చదివేటోళ్లు బావ జీతం కట్ చేయొద్దని ఏ చట్టంలో రాయించాలో చూడాలె. డ్రైవింగ్ చేసే అన్నలు, బావలు బండి ఏమేం చేస్తదో, ఎక్కడ చేయదో ఓనర్‌ను ముందే అడిగి రాసిపెట్టుకోండి.

బావ పొద్దున బస్సుకు పోతూ ఒక మాట అన్నడు. "బండి ఎంత నేర్చుకున్నా నేర్చుకోనీ తమ్మీ. ఎదురుగా వచ్చేది మనిషి అని మాత్రం ముందు నేర్పుమను."